తెల్లగానే ఉన్న బిళ్ళ

జూన్ 3

అవార్డు వచ్చింది.

రాసి చూసుకున్నా నమ్మబుద్ధి కావడం లేదు. సర్కారు పరిశోధనశాలల్లో పుట్టి, బయట జనం చేతుల్లోకి వెళ్ళి, నిజంగా పనికొచ్చిన వాటికి ఏటా ఇచ్చే అవార్డు. మా దగ్గర పుట్టేవి చాలానే ఉంటాయి. పత్రికల్లో అచ్చయి, గోడ మీద ఫ్రేములోకెక్కి, అక్కడే రిటైరవుతాయి. గడప దాటేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నా బిళ్ళ దాటింది. ఒక కంపెనీ దాన్ని మా దగ్గర తీసుకుని, ఫ్యాక్టరీలో తయారుచేసి, ఊరూరా అమ్ముతోంది.

డైరెక్టర్ గారు స్వయంగా నా గదికి వచ్చి చెప్పారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన మా కారిడార్‌లో అడుగుపెట్టగా నేను చూడలేదు. దారి ఎవరినడిగారో పాపం.

మావారు లెక్కల మాస్టారు. దేనికైనా రుజువు కావాలి. ఉత్తరం చూపించమన్నారు. రెండుసార్లు చదివి, "నీ ఇంటిపేరు కూడా తప్పు లేకుండా వేశారు. అయితే నిజమే" అన్నారు.

తమ్ముడికి చెబితే ఫోన్లో వాడు వేసిన కేకకి చెవి గింగురుమంది. వెనకాల మోటార్ల రొద. "ఒరేయ్, మా అక్క బిళ్ళకి అవార్డొచ్చిందిరా!" అని వాడి మనుషులందరికీ అరిచి చెప్పాడు. మురుగు సంపుల్లోకి దిగి పూడిక తీయించే పని వాడిది. ఇప్పుడు మేస్త్రీ అయ్యాడు. అయినా ముందు తనే దిగుతాడు. చెబితే వినడు.

వాడొకసారి సంపులో పడిపోయాడు. నడుముకి తాడు కట్టి బయటికి లాగారు. ఆ ఏడాదే నేను బిళ్ళ పని మొదలుపెట్టాను. చొక్కా మీద గుచ్చుకునే తెల్ల కాగితపు బిళ్ళ. కింద విషవాయువుంటే నల్లబడుతుంది. నల్లబడగానే పైకొచ్చేయాలి. నేను పుట్టి చేసిన పనంతా ఇంతే, మూడు వాక్యాల్లో అయిపోయింది.

జూన్ 4

పొద్దున్న లేవగానే ఎందుకో భయం వేసింది. అది నాకు మామూలే. స్టవ్వు కట్టేశానో లేదోనని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చే మనిషిని. ఇంట్లో నన్ను అనుమానాల పుట్ట అంటారు. సంతోషంగానే ఉన్నాను.

జూన్ 9

అవార్డు వాళ్ళు వివరాలు అడిగారు. "ఈ ఆవిష్కరణ వల్ల ఇంతవరకు దక్కిన ప్రాణాలు" అని ఒక గడి. బిళ్ళ నల్లబడిందని పైకొచ్చేసినవాడు ఇంటికెళ్ళి భోంచేసి పడుకుంటాడు గాని మాకు ఉత్తరం రాస్తాడా? ఖాళీగా వదిలేశాను. డైరెక్టర్ గారు "అసంఖ్యాకం" అని నింపారు.

మా మీద చిన్న సినిమా కూడా తీస్తారట. గాజు జాడీలో ఆ గ్యాసు నింపి, బిళ్ళ వేసి, నల్లబడటం చూపించాలి. కంపెనీ ప్యాకెట్ తెప్పించొచ్చు గాని, నా సినిమాలో నా చేతి సరుకే ఉండాలని ముచ్చట పుట్టింది. పూత కలిపి, కాగితాలు ముంచి, చేతిరుమాళ్ళు ఆరేసినట్టు దండెం మీద ఆరేసి వచ్చాను. రాత్రంతా ఆరాలి.

జూన్ 10

జాడీలో వేసీ వేయగానే నల్లబడింది. చెయ్యి పని మరిచిపోలేదు.

జూన్ 13

షూటింగ్ వాయిదా. డైరెక్టర్ గారు వేరే దేశం వెళుతున్నారు. ఆయన లేకుండా కెమెరా ఎలా తిరుగుతుంది? బిళ్ళలు డబ్బాలో పెట్టి సొరుగులో వేశాను.

జూలై 2

ఉన్నది ఉన్నట్టు రాసుకుంటే నయం.

కెమెరా వాళ్ళొచ్చారు. లైట్లు పెట్టారు. డైరెక్టర్ గారు జాడీ పక్కన నిలబడ్డారు. నేను సొరుగులోంచి బిళ్ళ తీసి జాడీలో వేశాను. తెల్లగానే ఉంది. కెమెరా అతను, "మేడమ్, ఇది సిగ్గుపడుతోంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకొకటి వేశాను. అదీ తెల్లగానే ఉంది. ఊపిరి బిగబట్టి వదిలేలోగా రావలసిన రంగు, తెచ్చిపెట్టిన టీ చల్లారి తొరక కట్టాక వచ్చింది.

అప్పుడు నాకు తోచిందొక్కటే. కారిడార్ చివర అద్దాల బీరువాలో, సందర్శకుల కోసం, బిళ్ళ కనిపెట్టిన కొత్తలో చేసినవి కొన్ని పెట్టాం. ఏళ్ళ కిందటివి. అందులోంచి ఒకటి తెచ్చి వేశాను. జాడీ మూత పెట్టేలోపే బొగ్గులా అయింది.

"కట్! అద్భుతం!" అన్నారు.

ఏళ్ళ కిందటిది పనిచేసింది. మొన్న చేసింది చేయలేదు. నేను తప్ప ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

జూలై 3

కాగితం లాటు మారి ఉంటుంది. అంతే అయి ఉంటుంది.

జూలై 4

కాగితం అదే. పూతలో వేసే మందు తేడా కావచ్చు.

జూలై 5

మందు కూడా అదే.

పనిముట్ల దుకాణానికి వెళ్ళి కంపెనీ ప్యాకెట్లు కొన్నాను. నేను కనిపెట్టిన వస్తువుని నేనే బిల్లు కట్టి కొనుక్కున్నాను. దుకాణం ఆయన, "మంచి సరుకమ్మా, తెగ పోతోంది. గ్యాసు కొలిచే మీటరుకైతే బ్యాటరీలు, రిపేర్లు. దీనికి ఏ తంటా లేదు. మీటర్లు కొనేవాడే లేడిప్పుడు" అన్నాడు.

మీటర్లు కొనేవాడే లేడు.

ల్యాబ్‌లో తలుపేసుకుని ఒక్కొక్కటీ జాడీలో వేశాను. ఈ మధ్యే తయారైన ప్యాకెట్ ఫర్వాలేదు. కొన్ని నెలలు దుకాణంలో ఉన్న ప్యాకెట్ మాత్రం నా సొరుగులోవాటి కంటే అన్యాయం. చేస్తోంది, కానీ ఆలస్యంగా చేస్తోంది. ఆలస్యంగా, అంతే.

ఆ గ్యాసు సంగతి నాకు తెలుసు. మొదట కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కంపు పోయింది కదా అని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు.

జూలై 6

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. చొక్కా జేబు మీద కంపెనీ బిళ్ళ గుచ్చుకునే వచ్చాడు. వీధిలోకి కూడా పెట్టుకునే తిరుగుతాడట. "మా వాళ్ళంతా నిన్ను బిళ్ళక్క అంటున్నారు" అన్నాడు. వాడి మెడ వెనక కమిలిన మచ్చ, ఆనాడు పైకి లాగుతుంటే తాడు ఒరుసుకున్నది, ఇంకా ఉంది. నాకు అక్కడ తప్ప ఇంకెక్కడికీ చూపు పోలేదు.

చెబుదామని నోరు తెరిచాను. "నీళ్ళు తాగుతావా?" అని అడిగాను.

జూలై 8

తెలిసిపోయింది.

పొద్దున్నే అందరికంటే ముందు ల్యాబ్‌కి వెళ్ళాను. తలుపు తీయగానే చలి. భుజాలు ముడుచుకుని, ఈ గది ఇంత చల్లగా ఎప్పటినుంచి ఉంటోంది అనుకున్నాను. అనుకున్న చోటే నిలబడిపోయాను.

ఇదివరకు సాయంత్రం ఆఫీసు వేళ అయిపోగానే అటెండరు వచ్చి ఏసీలు కట్టేసేవాడు. సర్కారు ఆఫీసు, కరెంటు పొదుపు. కిటికీలు తెరుచుకోని గది రాత్రంతా ఉడికిపోయేది. పొద్దున్న తలుపు తీస్తే ఉక్క మొహానికి కొట్టేది, ఫైళ్ళ అట్టలు మెత్తబడి ఉండేవి. మేం తిట్టుకునేవాళ్ళం. మా బిళ్ళలు ఆ ఉక్కలోనే ఆరాయి. నెమ్మదిగా ఆరుతూ పూత కాగితం లోలోపలికి ఇంకింది, తేమని పట్టుకుని ఉంది. ఆ తేమ లేకపోతే గ్యాసు వచ్చినా పూతకి చలనం ఉండదు.

నిరుడు ఖరీదైన మైక్రోస్కోపు వచ్చింది. దానికి ఉక్క పడదు. అప్పటినుంచి ఏసీ రాత్రీ పగలూ ఆగదు. చలిలో ఆరిన బిళ్ళ పైపైనే ఆరుతుంది. కొత్తలో కాస్త తడి మిగిలి ఉంటుంది కనుక పరీక్ష నెగ్గుతుంది. డబ్బాలో కొన్నాళ్ళుంటే ఎండిపోతుంది.

ఫ్యాక్టరీలో అయితే ఏసీ ఆగిందెప్పుడు? అద్దంలాంటి గదులు, పొడి గాలి. చూసి నేనే మెచ్చుకుని వచ్చాను. కంపెనీకి టెక్నాలజీ అప్పగించినప్పుడు అన్నీ రాసిచ్చాం. పూతలో ఏది ఎంత, కాగితం ఎంత మందం, చేతులు దేనితో కడుక్కోవాలి, అన్నీ. ఆరబెట్టే దగ్గర "గది ఉష్ణోగ్రతలో రాత్రంతా" అని రాశాను. గది అంటే నా మనసులో మా గది. రాత్రంటే ఏసీ కట్టేసిన రాత్రి. ఏసీ కట్టేయడం మా ప్రయోగంలో భాగమని మా ఎవ్వరికీ తట్టలేదు. అది అటెండరు పని అనుకున్నాం.

కంపెనీ వాళ్ళు సరుకుని పరీక్ష చేసేది గేటు దాటే రోజున. నెగ్గుతుంది. తర్వాత లారీలో, గోదాములో, దుకాణంలో, చివరికి ఎవడో ఒకడి చొక్కా మీద ఎండిపోతుంది.

స్టూలు మీద కూర్చుండిపోయాను. మా జూనియర్ అమ్మాయి వచ్చి, "ఏంటి మేడమ్, అలా ఉన్నారు, అవార్డు టెన్షనా?" అంది. అవునన్నాను.

జూలై 9

భయంగా ఉంది.

జూలై 10

డైరెక్టర్ గారికి చెప్పాను. నీళ్ళు నమలకుండా మొత్తం చెప్పాను. ఆయన మంచి శ్రోత. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"పనిచేయడం లేదా, ఆలస్యంగా చేస్తోందా?"

"ఆలస్యంగా సార్."

"అంటే చేస్తోంది."

"అంత ఆలస్యమైతే మనిషి..."

"మేడమ్, పద్ధతిగా వెళదాం. మీరు చూసినవి ఎన్ని? గుప్పెడు. ముందు పూర్తి పరీక్షలు చేయండి. అవార్డు అవగానే కంపెనీకి సవరణ పంపుదాం. నేనే సంతకం పెడతాను. ఇప్పుడు తొందరపడి బయట పెడితే అవార్డు పోతుంది, పోతే పోనివ్వండి. కానీ సర్కారు ల్యాబ్ సరుకంటే ఇంతే అంటారు. రేపు మనం నిజంగా మంచిదిచ్చినా ఎవడూ తాకడు. అప్పుడు పోయే ప్రాణాల సంగతేంటి?"

ఆయన మాటల్లో నాకు తప్పు దొరకలేదు. నిజం చెప్పాలంటే వెతకలేదు. గదిలోంచి బయటికొస్తుంటే గుండెల మీద బరువు ఎవరో దింపినట్టు హాయిగా అనిపించింది. పై అధికారికి చెప్పేశాను. నా బాధ్యత తీరింది.

మెట్లు దిగేలోపు ఆ హాయి పోయింది.

జూలై 12

కంపెనీ మేనేజరుకి మామూలుగా ఫోన్ చేసినట్టు చేశాను. ఏమైనా ఫిర్యాదులు ఉన్నాయా అని అడిగాను. "ఒక్కటంటే ఒక్కటి లేదు మేడమ్! మా సరుకులన్నిట్లో ఫిర్యాదు లేనిది మీ బిళ్ళే" అన్నాడు గర్వంగా.

ఉండదు. ఫిర్యాదు చేయాల్సినవాడు పైకి రావాలి కదా.

జూలై 13

ఆలస్యంగా చేస్తోంది, అంతే. పైగా వానలు పడుతున్నాయి. సంపుల్లో తేమ ఉంటుంది. ఆ తేమకి ఎండిన బిళ్ళ కూడా కాస్త మెత్తబడొచ్చు. ఇది నేను పరీక్షించలేదు, ఊహించాను. కానీ శాస్త్రీయంగా ఊహించాను.

జూలై 14

ల్యాబ్‌లో ఏసీ ఆపలేను. మైక్రోస్కోపు వాళ్ళు ఊరుకోరు. అందుకని మందు సీసా సంచిలో పెట్టి ఇంటికి తెచ్చాను. మా స్నానాలగదిలో వేడినీళ్ళు తిప్పి, తలుపు మూసి, బట్టల తీగ మీద కాగితాలు ఆరేశాను. అద్దం మీద ఆవిరి, గోడల మీద చెమట. మా పాత ల్యాబ్ అచ్చం ఇలాగే ఉండేది.

మావారు తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. ఏమిటిదని అడిగారు. చెప్పాను. ఆయనకి చెప్పడం అదే మొదలు. చాలాసేపు కాగితాల వైపు చూసి, "ఇన్నేనా?" అన్నారు.

"తమ్ముడికి చాలు."

ఆయన స్నానం చేయకుండానే స్కూలుకి వెళ్ళిపోయారు.

జూలై 16

తమ్ముణ్ణి పిలిచి డబ్బా ఇచ్చాను.

"ఇవి నీకోసం విడిగా చేశాను. కంపెనీవి తీసేసి ఇవే పెట్టుకో. నువ్వే పెట్టుకో, ఎవరికీ ఇవ్వకు."

"ఏంటి తేడా?"

"అవార్డు బ్యాచ్ రా. నా చేతివి."

"అబ్బో! స్పెషల్ అన్నమాట" అని కళ్ళకద్దుకున్నాడు. "నువ్వింట్లో కూడా డ్యూటీ చేస్తే బావ వంట నేర్చుకోవాల్సిందే."

నవ్వాను. వాడెళ్ళాక ఎన్నాళ్ళకో కంటి నిండా నిద్రపోయాను.

జూలై 18

మావారు పేపరు బల్ల మీద తెరిచి ఉంచి వెళ్ళారు. ఎక్కడో వేరే ఊళ్ళో సంపులోకి దిగిన ఇద్దరు పోయారు. చిన్న వార్త. బిళ్ళ పెట్టుకున్నారో లేదో రాయలేదు.

నేను కనుక్కోలేదు.

జూలై 19

అవార్డుకి వేసుకునే బట్టలు ఇస్త్రీకిచ్చాను.

జూలై 20

వేదిక మీద మాట్లాడాల్సింది రాసుకున్నాను. మొదటి వాక్యం: "ఈ బిళ్ళ వెనక ఒక అక్క భయం ఉంది." డైరెక్టర్ గారికి బాగా నచ్చింది.

జూలై 22

మరదలు ఫోన్ చేసింది. ఏడుపులో మాట అర్థం కాలేదు. "సంపు" అన్న మాట ఒక్కటే వినిపించింది. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తు లేదు, ఆసుపత్రి నేల చల్లగా తగిలింది కాబట్టి వేసుకోలేదేమో.

ఉన్నాడు. బతికే ఉన్నాడు. మూతికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఛాతీ లేస్తోంది, పడుతోంది. మళ్ళీ లేచేదాకా నాకు ఊపిరాడటం లేదు. డాక్టరు, "ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు" అంది.

ఆలస్యం. ఆ మాటని నేను ఎన్నిసార్లు రాశానో.

జరిగిందంతా చెప్పింది వాళ్ళ ముఠాలో ఆయన, అందరూ గుండు అని పిలుస్తారు. తమ్ముడి ఈడువాడే. బట్టల నిండా బురద.

"ముందు అన్న దిగాడు, ఆ తర్వాత నేను. అన్న బిళ్ళ చూసుకుని, తెల్లగా ఉంది, రా అన్నాడు. నేను సగం మెట్లు దిగి నాది చూసుకుంటే బొగ్గయిపోయి ఉందక్కా! ఎక్కన్నా ఎక్కు అని అరిచాను. అన్న నా వంక చూసి నవ్వి, నాది తెల్లగానే ఉంది కదరా అన్నాడు. అంటూనే కూలిపోయాడు. తాడు కట్టి ఉంది కాబట్టి పైవాళ్ళు లాగేశారు. బిళ్ళక్కా, మీ బిళ్ళే లేకపోతే ఇద్దరం పోయేవాళ్ళం" అని నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

ఆయన చొక్కా మీద నల్లబడి ఉన్నది నాది. స్నానాలగదిలో ఆరింది.

తమ్ముడి చొక్కాని నర్సు సంచిలో వేసి ఇచ్చింది. కంపెనీ బిళ్ళ ఇంకా గుచ్చే ఉంది. అంచుల్లో లేత గోధుమరంగు. మధ్యలో తెల్లగానే ఉంది.

జూలై 23

డైరెక్టర్ గారికి ఎవరో చెప్పారు. పొద్దున్నే ఫోన్. ముందు తమ్ముడెలా ఉన్నాడని అడిగారు, మంచి మనిషే. తర్వాత గొంతు మారింది.

"మేడమ్, బిళ్ళ నల్లబడబట్టే కదా బతికారు! కనిపెట్టిన మనిషి సొంత తమ్ముణ్ణే కాపాడింది! కమిటీకి చెప్పాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కుదిరితే మీ తమ్ముణ్ణి చక్రాల కుర్చీలో తీసుకొద్దాం. కాకపోతే ఆ రెండో ఆయన్నైనా."

"సార్, నల్లబడింది కంపెనీ బిళ్ళ కాదు."

"మరి?"

"నేను ఇంట్లో చేసింది. తమ్ముడి కోసం విడిగా."

అవతల తలుపు వేసిన చప్పుడయింది. తర్వాత చాలా మెల్లగా, దాదాపు ప్రేమగా అన్నారు: "ఈ మాట నాతో అన్నారు కాబట్టి సరిపోయింది. ఇంకెవరితోనూ అనకండి. కంపెనీవి పనిచేయవని తెలిసి మీ వాడికి మాత్రమే విడిగా చేసిచ్చారంటే, మిమ్మల్ని ఏమంటారో ఆలోచించారా?"

అప్పటిదాకా నేను ఆలోచించలేదు. నిజంగానే ఆలోచించలేదు. వాడికొక్కడికి చేసినప్పుడు అది ప్రేమే అనుకున్నాను. ఇప్పుడు ఆయన నోట విన్నాక అలా అనుకోలేకపోయాను.

రేపు పొద్దున్నే అవార్డు. రోజంతా ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని అటూ ఇటూ వెళ్ళే కాళ్ళు చూశాను. మావారు ఫ్లాస్కులో టీ తెచ్చి పక్కన కూర్చున్నారు.

భయం ఒక్కటి కాదు. అవార్డు పోతుందని భయం. ఉద్యోగం పోతుందని భయం. కేసు పెడతారని భయం. తమ్ముడు కళ్ళు తెరుస్తాడని కూడా భయమే. వాడు తెరిస్తే చాలని దండాలు పెడుతూనే, తెరిస్తే ఏమడుగుతాడోనని భయపడ్డాను. నాలాంటి అక్క ఎవరికైనా ఉంటుందా?

జూలై 24

ఆసుపత్రి కారిడార్‌లో రాస్తున్నాను. చేతికి ఏదో ఒక పని లేకపోతే ఉండలేను.

తెల్లవారగానే తమ్ముడు మాస్కు తీయించుకున్నాడు. మరదల్ని టీకి పంపాడు. గొంతు గరగరలాడుతోంది.

"అక్కా, నాది తెల్లగానే ఉంది. గుండుగాడిది నల్లబడింది. ఎందుకు?"

జవాబు చెప్పకుండా నేనే అడిగాను. "నీకిచ్చినవి నువ్వెందుకు పెట్టుకోలేదురా? ఎవరికీ ఇవ్వద్దన్నానుగా."

"కొన్నేగా ఉన్నాయి. మా వాళ్ళకి పంచేశాను. నాకు మిగల్లేదు." దగ్గొచ్చి ఆగాడు. "నాకేం, నాకు నువ్వున్నావు. వాళ్ళకెవరున్నారక్కా?"

ఆ తర్వాత నేను దాచలేకపోయాను. ఏసీ సంగతి, ఎండిన పూత సంగతి, డైరెక్టర్ గారి సంగతి, స్నానాలగది సంగతి, అన్నీ చెప్పేశాను. పేపర్లో చూసిన ఇద్దరి సంగతి కూడా చెప్పాను. వాడు నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. పైకప్పు వంక చూస్తూ పడుకున్నాడు. కణతల మీదుగా నీళ్ళు దిండులోకి కారాయి.

"నా మాట మీద కొన్నారక్కా" అన్నాడు చివరికి. "ఊరూరా మేస్త్రీలందరికీ నేనే చెప్పాను. మీటర్లు అవతల పారేయండి, మా అక్క చేసిందిది అని."

దిండు కింద నుంచి ఫోన్ తీశాడు. మేస్త్రీలందరిదీ ఒక గ్రూపు ఉంది. జోకులు, బురద ఫోటోలు, మొన్నటి నా అవార్డు వార్త, దాని కింద వరసగా దండాలు.

"వీళ్ళు చదవరు, వింటారు. నీ గొంతుతో నువ్వే చెప్పు. ఇది అందరూ సంపుల్లోకి దిగే వేళ."

చెప్పాను. రాసుకున్న ఉపన్యాసం కాదు. "నేను బిళ్ళక్కని మాట్లాడుతున్నాను. నా బిళ్ళ నమ్మకండి. గ్యాసున్నా అది తెల్లగానే ఉంటోంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు, చెప్పకుండా దాచాను. దయచేసి ఈరోజు ఎవరూ దిగకండి. దిగినవాళ్ళుంటే పైకి లాగేయండి. మీటరు లేకుండా దిగకండి." ఇంకా ఏదో అనబోయాను. ఆపేశాను. అలాగే పంపేశాను.

డైరెక్టర్ గారికి ఫోన్ చేసి, పంపేశానని చెప్పాను. అవార్డు హాల్లో మైకులు సరిచేస్తున్న చప్పుడు వినబడింది. "ఏం పంపారు? వినబడటం లేదు" అన్నారు. మళ్ళీ చెప్పాను. పెట్టేశారు. మావారు కంపెనీకీ, మునిసిపాలిటీలకూ నా పేరుతో టైపు చేసి పంపుతున్నారు. అక్షరం తప్పు పోకుండా ఒక్కొక్కటీ సరిచూస్తున్నారు.

గ్రూపులో ఎవరెవరు విన్నారో ఫోన్ చూపిస్తుంది. ఒక్కొక్కళ్ళే వింటున్నారు. ఒకాయన తిట్టాడు. చాలా పెద్ద బూతు. విని ప్రాణం లేచొచ్చింది, తిట్టాడంటే పైనే ఉన్నాడు. ఇంకొకాయన, "మా వాళ్ళని లాగేశాం" అని పెట్టాడు. మరొకాయన విన్నాడు, అంతే. తమ్ముడు మంచం మీద నుంచి ఒక్కో పేరూ చదివి చెబుతున్నాడు. ఇప్పుడు వాడి గొంతు నా మీద కోపంగా లేదు, పనిలో ఉంది.

అందరూ విన్నారు. ఒక్కరు వినలేదు.

"వాడు దిగేటప్పుడు ఫోన్ పైన సంచిలో పెట్టి దిగుతాడక్కా" అన్నాడు తమ్ముడు.

చేస్తున్నాను. రింగవుతోంది. ఎత్తడం లేదు. మళ్ళీ చేస్తున్నాను.